యారాలి గోలీలు

"ఇంకేంది బిడ్డా, ఇగ నెల పొడుగూ నీదే" అంది అత్త సుగుణమ్మ, వసంతలక్ష్మికి ముట్టు పూర్తిగా ఆగిపోయినట్టేనని ఖాయమైన నాడు. దీవించినట్టే అంది పాపం, ఆ మాటలో ఎగతాళి ఏమీ లేదు. ఆసు ముందు కూచున్న వసంతలక్ష్మి మాత్రం నవ్వాలో ఏడవాలో తెలియక, దారం పట్టిన చెయ్యి గాలిలోనే ఆపి అత్త ముఖంలోకి చూసింది. నెల పొడుగూ ఎవరిదో ఆమెకు బాగా తెలుసు.

చౌటుప్పల్ నుంచి లోపలికి పోతే వచ్చే ఆ ఊళ్లో ఇంటింటికీ మగ్గం ఉంది. మగ్గం మీద కూచునేది మగవాడు, చీర మీద పేరూ అతనిదే. కానీ అక్కడి చీర మీద పువ్వు మగ్గం ఎక్కకముందే దారం మీద పుడుతుంది. దారాన్ని వరసగా పరిచి, లెక్క ప్రకారం కట్లు కట్టి, రంగులో ముంచితేనే ఆ పువ్వు. ఆ పరవడాన్నే ఆసు పోయడం అంటారు, అది ఆడవాళ్ల పని. చెక్కకు ఈ కొసన ఒంటి మేకు, ఆ కొసన వంపుగా ఒక వరస మేకులు. ఒంటి మేకు నుంచి ఎదుటి మేకుకు, మళ్లీ ఒంటి మేకుకు, అక్కణ్ణుంచి పక్క మేకుకు, పొద్దంతా చెయ్యి పోయి రావాలి. ఒక్క మేకు తప్పినా పువ్వు రేకు పక్కకు జరుగుతుంది. ఒక చీరకు ఆసు పోసేసరికి ఆడదాని చెయ్యి చౌటుప్పల్‌కు నడిచి పోయి వచ్చినంత దూరం తిరుగుతుందని ఊళ్లో అంటారు. అంత తిరిగినా దానికి కూలి లేదు. కూలి సంగతి అటుంచి, పని అన్న పేరన్నా లేదు. "మా ఇంట్లది ఊకెనే కూసుంటది, ఆసు పోసుకుంట" అని వసంతలక్ష్మి మొగుడు లక్ష్మీనర్సయ్య చీరలు చూడవచ్చిన వాళ్లకు పెళ్లాన్ని చూపించేవాడు. ఊళ్లో సగం ఇండ్లలోకి ఆసు మిషన్లు వచ్చాయి. వసంతలక్ష్మి ఒకసారి ఆ మాట ఎత్తితే, "ఇంట్ల మనిషుండంగ మిషనెందుకే" అన్నాడు. మెచ్చుకున్నానని అనుకున్నాడు కాబోలు, ఆ పూట చాయ్ కూడా తనే తెచ్చి ఇచ్చాడు.

ఆ ఇంట్లో ఒక కట్టడి ఉంది. ముట్టై బయట ఉన్న ఆడది ఆసు మీద చెయ్యి వెయ్యకూడదు, మగ్గం దరికి రాకూడదు, రంగులో ముంచే దారాన్ని దాటకూడదు. దాటితే రంగు పట్టదనీ పువ్వు చెదురుతుందనీ సుగుణమ్మ అత్త కాలం నుంచీ నమ్మకం. కొత్త కోడలిగా వచ్చినప్పుడు అరుగు మీద వేరే చాప, వేరే చెంబు చూసి వసంతలక్ష్మి చిన్నబుచ్చుకుని ఏడ్చింది. నారాయణపేటలో పుట్టింట్లో ఇంత పట్టింపు లేదు. తర్వాత తర్వాత ఆ ఏడుపు పోయింది. పిల్ల పుట్టి, పాలు ఆరి, మళ్లీ ఆసు ముందు కూచున్నాక ఆ చాప కోసం ఎదురుచూడటం మొదలైంది. ఆ మూడు రోజులూ వంట సుగుణమ్మది. ఆ మూడు రోజులూ ఎవరూ "వసంతా, దారం" అని పిలవరు. భుజం గోడకు ఆనించి వీధిలో పోయే మేకల్నీ బస్సునూ బడిపిల్లల్నీ చూస్తూ కూచోవచ్చు, నడిమధ్యాహ్నం పడుకోవచ్చు. ఆడదాన్ని అంటరానిదాన్ని చేసి కూచోబెట్టే రివాజే ఆ ఇంట్లో ఆమెకు దొరికిన ఒకే ఒక్క సెలవు. సిగ్గు లేకపోతే సరి, ఒక్కోసారి ఇంకో రోజు కలిపి అబద్ధం కూడా చెప్పింది. సుగుణమ్మ కనిపెట్టిందో లేదో గానీ ఏమీ అనలేదు.

ఇప్పుడు ఆ సెలవు పోయింది. ఇల్లు మాత్రం కలిసొచ్చింది. పని ఆగడం లేదు, చీర ఆలస్యం కావడం లేదు. "మాకు మంచిరోజులొచ్చినయ్" అని లక్ష్మీనర్సయ్య తమ్ముడి వరసైన రఘుపతితో అంటుంటే ఆమె లోపల చెవులారా వింది.

మంచిరోజులు ఆమె ఒంటికి తెలియలేదు. కూచున్నదల్లా ఉన్నట్టుండి రొమ్ముల కింద నుంచి ఒక సెగ లేచి మెడకు, చెవులకు, తలకు పాకేది. ఒక్క ఊపిరిలో ఒళ్లంతా తడిసేది, మరుక్షణం చలి. ఆవిర్లు అంటారు ఆడవాళ్లు. చెమట దారం మీద పడకుండా కొంగు నోట కరిచి ఆసు పోసేది. రాత్రిళ్లు నిద్ర కోడి కునుకైంది. అన్నిటికన్నా ఆమెను భయపెట్టింది మరపు. చెయ్యి మధ్యలో ఆగేది. ఏ మేకు దగ్గర ఉన్నాను? ముప్పై ఏండ్లు చూడకుండా పోసిన చెయ్యి పసిపిల్ల చెయ్యిలా వెతుక్కునేది. ఒకసారి మేకు తప్పింది. మగ్గం మీద చిలక మెడ విరిగినట్టు వచ్చింది. లక్ష్మీనర్సయ్య కొట్టలేదు, తిట్టలేదు, అతను అట్లాంటివాడు కాదు. ఆ చీరను వాకిట్లో దండెం మీద ఆరేసి వచ్చేపోయేవాళ్లకు చూపించాడు. "మా ఇంట్లదానికి మతి పోతాంది, సూడున్రి" అని నవ్వాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వవలసి వచ్చింది. ఆ నవ్వుకే ఆమె ఎక్కువ అలిసిపోయింది.

బతుకమ్మ మొదలయ్యే పెత్రమాసకు యారాలు లీలమ్మ వచ్చింది. యారాలంటే తోటికోడలు, సుగుణమ్మ పెద్దకొడుకు పెళ్లాం. ఆ పెద్దవాడు మగ్గం వదిలేసి నల్లగొండలో బట్టల దుకాణంలో కుదిరాడు. వాళ్ల ఇంట్లో ఆసు లేదు, అందుకే లీలమ్మ భుజాలు రెండూ ఒక్క ఎత్తులో ఉంటాయని వసంతలక్ష్మి ఎప్పుడూ అనుకుంటుంది. బతుకమ్మకు పూలు పేరుస్తూ వసంతలక్ష్మి కొంగుతో మూడుసార్లు మెడ తుడుచుకోవడం లీలమ్మ చూసింది.

"ఆవిర్లా?"

"ఆవిర్లే అక్కా. నిద్ర లేదు, ఏం లేదు. బతుకంత ఉడికినట్టున్నది."

"నాకు ముప్పై అయిదేండ్లకే మొదలైనయ్. సంచి తీసేసినంక." లీలమ్మ గొంతు తగ్గించింది. కడుపునొప్పి అని పోతే గర్భసంచి, దాంతోపాటు పక్కనున్న గుడ్డుసంచులు కూడా తీసేశారు ఆమెకు. ఎందుకని ఆమె అడగలేదు, వాళ్లు చెప్పలేదు. సంతకం మొగుడు పెట్టాడు. "అప్పుడు పిచ్చిలేసినట్టయింది. ఇంకో డాక్టరమ్మ గోలీలు రాసిచ్చింది. గవి యేసుకుంటనే మనిషినైన. ఇగో, నా బ్యాగుల ఉన్నయ్. రెండు పట్టీలు నీకిస్త. యేసుకొని సూడు."

ఇందులో వింత ఏముంది? ఆ ఊళ్లో ఒకరి గోలీలు ఒకరు వేసుకోవడం చింతపండు బదులిచ్చుకున్నంత మామూలు. కీళ్లనొప్పికి పక్కింటి గోలీ, కడుపుమంటకు ఎదురింటి గోలీ. గుట్ట మీద దేవుడి దర్శనానికి పోయే ముందు ముట్టు వెనక్కి జరపడానికి వీధి మొత్తానికి ఒకటే పట్టీ. ఆడదాని కోసం దవాఖానకు పోవాలంటే ఒక పూట మగ్గం ఆగుతుంది. మగ్గం ఆపేటంత రోగమా నీది అని ఎవరూ అడగరు, అడగకముందే ఆడది తనను తానే అడిగేసుకుంటుంది.

చిన్న తెల్లటి గోలీ. వేసుకున్న కొద్ది రోజులకే సెగ తగ్గింది. ఒక తెల్లవారి లేచాక తెలిసింది, రాత్రి మధ్యలో లేవలేదని. ఆ సంగతి ఎవరికి చెప్పుకోవాలో తెలియక పెరట్లో గిన్నెలు తోముతూ తనలో తనే నవ్వుకుంది. చెయ్యి మళ్లీ మేకులు చూడకుండా పోయింది. పట్టీలు అయిపోతే ఖాళీ పట్టీ తీసుకుపోయి మండలంలో మందుల దుకాణంలో చూపించింది. అతను ఎవరికని అడగలేదు, ఎవరు రాశారని అడగలేదు. కొత్తవి కాగితంలో చుట్టి ఇచ్చాడు.

తర్వాత సంక్రాంతి పోయి చలి వెనకపట్టిన రోజుల్లో ఒక పొద్దున ఆమెకు నెత్తురు కనిపించింది.

మొదట భయం కాదు కలిగింది. ఇది ఆమె తర్వాత చాలాసార్లు తలుచుకుని నొచ్చుకున్న సంగతి. మొదట కలిగింది సంతోషం. ఎన్నడూ చీటీ పాడని మనిషికి చీటీ తగిలినంత సంతోషం. "అత్తమ్మా, నేను బయటున్న" అని పెరట్లో నుంచే కేక వేసి, అటక మీద మూలకు నెట్టిన చాప తీసి దులిపింది. సుగుణమ్మ నోరు తెరిచి, తర్వాత పళ్లు లేని నోటితో ముసిముసిగా నవ్వింది. "మళ్ల పడుచుదానివైనవ్ గదనే" అంది. లక్ష్మీనర్సయ్య మగ్గం గుంటలో నుంచి తల ఎత్తి "ఇదేం తిప్పలే, అయిపోయిందన్నరు గద" అని విసుక్కున్నాడు. ఆమె పోయి అరుగు మీద కూచుంది. ఎండ కాళ్ల మీద పడింది. పడుకుంది. మేకలు పోతుంటే లేచి చూసి మళ్లీ పడుకుంది.

అప్పటి నుంచి అది వస్తూ పోతూ ఉంది. వరస లేదు, లెక్క లేదు. ఒకసారి మరకంత, ఒకసారి బట్ట తడిసేంత. వచ్చినప్పుడల్లా చాప. "నెలకు రెండుసార్లేందే, నాకు పని నడుస్తలేదు" అంటాడు లక్ష్మీనర్సయ్య. "దేవుడిచ్చింది, నన్నేం జేయమంటవ్" అంటుంది ఆమె. అట్లా అంటున్నప్పుడు ఆమెకు లోపల ఎక్కడో తెలుసు, ఇది దేవుడిచ్చింది కాదని, గోలీ ఇచ్చిందని. ముఖం పాలిపోయింది. మెట్టెక్కితే ఆయాసం. అయినా గోలీ మానలేదు. సెగలకు మందూ అదే, సెలవుకు మందూ అదే. ఒక్క గోలీలో అంత సుఖం ఆమె బతుకులో ఎవరూ పెట్టలేదు.

బయటపడింది ఫోన్లో. లీలమ్మ బాగోగులు అడగడానికి ఫోన్ చేస్తే వసంతలక్ష్మి మాటల్లో మాటగా, నవ్వుతూనే చెప్పింది. "నీ గోలీల పుణ్యాన మళ్ల బయట కూసుంటున్న అక్కా."

ఫోన్ కట్టయిందేమోనని వసంతలక్ష్మి "హలో" అంది.

"ఉన్న. వసంతా, నాకు గోలీలు రాసేటప్పుడు డాక్టరమ్మ అడిగింది, సంచి ఉన్నదా లేదా అని. లేదంటెనే ఈ మందు రాసింది. గది నాకు యాదికే లేదు." లీలమ్మ వెంటనే అందుకుంది. "నీకు సంచి ఉన్నది గదనే. ఇగ ఆ గోలీ యేసుకోకు. రేపే నల్లగొండకు రా. నాకు ఫికరైతాంది."

ఆ రాత్రి గోలీ వేసుకోలేదు. పొద్దున చెప్పింది మొగుడికి. అతను తనూ వస్తానన్నాడు. ప్రేమ లేని మనిషి కాదు, కంగారు పడ్డాడు కూడా. బస్సులో కిటికీ పక్క సీటు ఆమెకే ఇచ్చాడు.

దవాఖానలో డాక్టరమ్మకు వసంతలక్ష్మి కన్నా ఓ నాలుగేండ్లు తక్కువుంటాయేమో. పైన పంకా తిరుగుతున్నా ఓ అట్ట తీసి మెడకు విసురుకుంటూ ఉంది. ఆవిర్లేనని వసంతలక్ష్మికి అర్థమైంది గానీ అడగలేదు. డాక్టరమ్మ ఒక్కొక్కటే అడగసాగింది. అడిగిందల్లా వసంతలక్ష్మిని చూసే. చెప్పిందల్లా లక్ష్మీనర్సయ్య.

"బీపీ ఉన్నదా అమ్మా?"

"లేదు మేడం."

"కాళ్లల్ల నెత్తురు గడ్డకట్టుడు, ఒక కాలు వాచుడు, పక్షవాతం, గుండెనొప్పి అట్లాంటివి?"

"ఏం లేవు మేడం, మంచిగనే ఉంటది. పనిచేస్తది."

"కామెర్లు?"

"లేవు మేడం."

"మీ అమ్మకు గానీ, అక్కచెల్లెండ్లకు గానీ రొమ్ముల గడ్డ వచ్చిందా?"

"అసువంటియేం లేవు మేడం. మా అత్త జరమొచ్చి పోయింది."

డాక్టరమ్మ కలం కాగితం మీద ఆనించింది. అది కదిలి రాయబోతుండగా వసంతలక్ష్మికి తల్లి రవిక గుర్తొచ్చింది. ఎడమవైపు ఎప్పుడూ తడిగా ఉండే రవిక. వాసన తెలియకుండా కొంగు ముడిలో పెట్టుకున్న కర్పూరం. "ఎవలికి చెప్పకు బిడ్డా, చెల్లె పెండ్లి కావాలె" అని తల్లి చెయ్యి పట్టుకుని అడిగింది. జ్వరమని చెప్పారు అందరికీ, అల్లుడికి కూడా. అబద్ధం చెప్పింది తామే, నమ్మినందుకు ఇతన్ని ఏమనాలి? కానీ ఒక్కసారైనా తన వైపు తిరిగి "అంతేనా?" అని అడగాలనిపించలేదా ఈ మనిషికి? తల్లి పోయిన ఈడు తాను దాటి చాలా కాలమైంది. ఆ జ్వరాన్నే ఇప్పుడు కాగితం మీద రాస్తే, దాన్ని బట్టి ఏ మందు రాస్తారో, ఆ మందు తన ఒంట్లో ఏం చేస్తుందో. ఇతను చెప్పిన ఒక్క మాట మీద తన బతుకు ఆధారపడి ఉంది, ఇతనికి మాత్రం ఏమీ తెలియదు.

"జరం కాదు మేడం" అంది. తర్వాత మొగుడి వైపు తిరిగింది. "నువ్వు జర బయట కూసో."

"ఎందుకే? నాకు తెల్వనిదేముంది నీ దగ్గర?"

"శానున్నది" అంది వసంతలక్ష్మి. కోపంగా అనలేదు. అలసిపోయిన మనిషి బరువు కిందికి దించినట్టు అంది. అతను డాక్టరమ్మ కేసి చూసి, లేచి వెళ్లాడు.

అప్పుడు అన్నీ చెప్పింది. తల్లి రొమ్ము సంగతి, యారాలి గోలీలు, ఖాళీ పట్టీ, చాప. డాక్టరమ్మ అట్ట విసరడం ఆపి వింది.

"సూడమ్మా, మీ యారాలికి ఇచ్చింది ఆమెకు సరైన మందే. మీకు కాదు. ఈ మందు ఒక్కటే వేసుకుంటే గర్భసంచి లోపలి పొర మందంగ పెరుగుతది. ఆమెకు సంచే లేదు, ఆ భయం లేదు. సంచి ఉన్నోళ్లకు దీనికి జోడుగ ఇంకో మందు ఇయ్యాలె, ఆ పొరను అదుపుల పెట్టనీకి. లేకపోతే పెరిగి పెరిగి ఒక్కోసారి క్యాన్సర్‌కు తిరుగుతది. ముట్లు ఆగి ఏడాది దాటినంక మళ్ల నెత్తురు కనబడితే అది ముట్టు కాదు. మరకంత కనబడ్డా సరే, చూపించుకోవాలె."

"ముట్టే అనుకున్న మేడం. సెలవొచ్చిందనుకున్న."

డాక్టరమ్మకు ఆ మాట అర్థం కాలేదు. ఆసు గురించి, అరుగు గురించి చెప్పింది వసంతలక్ష్మి.

"అయితే ఆ గోలీలు విషమా మేడం? మా అక్క ఇన్నేండ్ల సంది ఏసుకుంటాంది."

"విషం కాదు. ఎంతోమందికి నేనే రాస్తున్న. ముట్లు ఆగిన కొత్తల, అన్నీ అడిగి, చూసి ఇస్తే శానామందికి మేలే. ఈడు ముదిరినంక మొదలుపెడితే గుండెకు, నెత్తురు గడ్డలకు భయం ఎక్కువైతది. మీ అమ్మకు వచ్చింది గనుక మీకు వస్తదని కాదు. కాని తెలిసినంక ఇచ్చుడు వేరు, తెల్వక ఇచ్చుడు వేరు. ముందు లోపలి పొర ముక్క తీసి పరీక్షకు పంపుదాం."

స్కానింగ్ చేశారు, ముక్క తీశారు. నొప్పికి ఆమె బల్ల అంచు పట్టుకుంది. ఫలితానికి కొన్ని రోజులు పడుతుందన్నారు.

ఆ కొన్ని రోజులూ ఇంట్లో ఒకటే మాట. "తీపిచ్చేసుకో" అన్నాడు లక్ష్మీనర్సయ్య. "రఘుపతి పెండ్లాం తీపిచ్చుకోలే? నెల తిరిగేసరికి ఆసు కాడ కూసున్నది. రోజూ ఈ పరేషాన్ ఎందుకు? మాకు హాయి, నీకు హాయి." ఎవరి హాయి ముందు వచ్చిందో అతనికి తెలియలేదు. సుగుణమ్మ కూడా "పిల్లలు కన్నంక దాంతోని పనేముంది బిడ్డా" అంది. సంచి అటక మీది పాత డబ్బా అయింది. ఖాళీగా ఉంది కనుక దించేస్తే సరి. లీలమ్మ ఒక్కతే ఫోన్లో ఏడుస్తూ "నేను చంపిన్నేమోనే నిన్ను" అంది. "నీ తప్పేముందక్కా, నిద్రపోయిన ఆ నాలుగైదు నెలలు నువ్వు ఇచ్చినయే" అని వసంతలక్ష్మే ఓదార్చింది.

ఆసు పోస్తూ ఆమె చావు గురించి ఆలోచించింది. భయపడింది, ఆ మాట దాచుకోవడం ఎందుకు? తల్లి కర్పూరం వాసన ముక్కుకు తగిలేది. కూతురు ప్రియాంక పట్నంలో కొలువు చేసుకుంటోంది, దానికి ఏం చెప్పాలి, ఎట్లా చెప్పాలి? కానీ చావు కన్నా ఎక్కువగా ఒక్క సంగతి ఆమెను తొలిచింది. నెత్తురు చూసి తాను సంబరపడింది. ఒంట్లో రోగం పెరుగుతుంటే, ముఖం పాలిపోతుంటే, మెట్టెక్కలేకపోతుంటే, ఇంకో రెండు రోజులు రానీ అని మొక్కుకుంది. చావు వచ్చి తలుపు కొడితే సెలవు వచ్చిందనుకుని లేచి తలుపు తీసేటంత అలసిపోయానా నేను? ఈ ఇంట్లో ఇన్నేండ్లలో ఒక్క మనిషికైనా "ఇవాళ వద్దు, చాతకాదు" అని నోరు తెరిచి చెప్పలేదే. ఎందుకు చెప్పలేదు? చెబితే కొట్టేవాళ్లు లేరు. చెబితే నవ్వేవాళ్లు ఉన్నారు, అంతే. ఆ నవ్వుకు జడిసి, ప్రాణం మీదికి తెచ్చుకోవడం నయమనుకుంది. ఈ ఆలోచన దగ్గర చెయ్యి ఆగింది. మేకు తప్పింది. విప్పి మళ్లీ పోసింది.

ఫలితానికి ఒక్కతే పోయింది. "నేను రానా" అన్నాడు లక్ష్మీనర్సయ్య. "మగ్గం చూసుకో" అంది.

క్యాన్సర్ కాదు. పొర మందమైంది, అంతవరకే. డాక్టరమ్మ ఆ మాట చెప్పగానే వసంతలక్ష్మి ఏడ్చింది, నలుగురూ చూస్తున్నారని కూడా అనుకోలేదు. పొరను పలచబరిచే మందు కొన్ని నెలలు వాడి, మళ్లీ ముక్క తీసి చూడాలి. యారాలి గోలీ పూర్తిగా బంద్. రొమ్ములు పరీక్ష చేయించుకోవాలి, చెల్లెలిని కూడా చేయించుకోమని చెప్పాలి. ఆవిర్లకు ఆ జాతివి కాని గోలీలు వేరే ఉన్నాయి, అంత గుణం ఉండకపోవచ్చు గానీ కొంత తగ్గుతుంది.

"సంచి తీపిచ్చుకోమంటున్నరు మేడం ఇంట్ల."

"ఇప్పుడు ఆ అవసరం లేదు. ముందు ముందు పడితే నేనే చెప్త. మీరేమంటున్నరు?"

ఆ ప్రశ్న ఆమెను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. "ఉండనీయండి మేడం. నాదే గద."

డాక్టరమ్మ నవ్వి మందులు రాసింది. "దీంతోని నెత్తురు ఆగుతది. నిద్ర కొంచెం మెరుగైతది. అలసటకు మాత్రం నా దగ్గర గోలీ లేదమ్మా, అది మీ ఇంట్లనే చూసుకోవాలె."

మందు పనిచేసింది. నెత్తురు ఆగింది. ఆవిర్లు మళ్లీ వచ్చాయి గానీ మునుపటంత కాదు. "ఇగ మంచిగైంది గద" అని లక్ష్మీనర్సయ్య కొత్త దారం తెచ్చి ఆసు పక్కన పెట్టాడు. తేలిక మనసుతోనే పెట్టాడు. పెళ్లాం బతికింది, పని నడుస్తుంది, మనిషికి ఇంకేం కావాలి? వసంతలక్ష్మి ఆ దారం పోసింది. ఆ చీర, దాని తర్వాత చీర. వేసవి ముదిరింది.

ఒక పొద్దున ఆమె స్నానం చేసి, తల తుడుచుకుని, అరుగు మీద చాప పరిచి కూచుంది.

సుగుణమ్మ బయటికి వచ్చి చూసి గుండె పట్టుకుంది. "మళ్లొచ్చిందా బిడ్డా?"

"రాలే అత్తమ్మా. మంచిగనే ఉన్న."

"మరి గిక్కడెందుకు కూసున్నవ్?"

"అలిసిపోయిన."

లోపల మగ్గం చప్పుడు ఆగింది. లక్ష్మీనర్సయ్య గడపలోకి వచ్చి నిలబడ్డాడు. ముందు భయం, తర్వాత అయోమయం అతని ముఖం మీద ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. "నెత్తురు లేదంటివి. ఒంట్ల బాగుందంటివి. అక్కడ ఆసు అట్లనే ఉన్నది. ఎవలన్న అడిగితే ఏమని చెప్పాలె?"

"అలిసిపోయిందని చెప్పు."

"గదేం మాటనే? మూడు రోజులు గిట్లనే కూసుంటవా?"

"మూడు రోజులు. నెలనెలా." ఆమె కాళ్లు చాపుకుంది. గొంతు పెంచలేదు, ముఖం చాటు చేసుకోలేదు. "ఇన్నేండ్లు నెత్తురు చూపిచ్చి సెలవు తీసుకున్న. ఇగ చూపియ్య."